మా క్యాంపులో అమెరికా సభ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదనుకునేవాణ్ణి. (ఇప్పుడు తెలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.) తొంభైల్లో, బహ్రెయిన్‌లో హమద్ టౌన్ దగ్గరి లేబర్ క్యాంపులో హాజరు రాసే గుమాస్తాని, కాకినాడలో చదివిన హిస్టరీ బీఏ ఇంకా తలకెక్కే ఉండేది. జూన్‌లో మా గది ఏసీ చచ్చింది. క్యాంపు బాస్‌ని ఎప్పుడడిగినా "బుక్రా", అంటే రేపు. పన్నెండు మందిమి ఉడికిపోతుంటే నాలో చరిత్ర మేల్కొంది. "అమెరికా వాళ్లు ఊరూరా కమిటీలు పెట్టి ఉత్తరాలు రాసుకున్నారు, ఇంగ్లండు టీ తాగం పొమ్మన్నారు, సభ చేసి రాజుకి అర్జీ పెట్టారు!" అన్నాను. (అలాంటి అర్జీనే ఒకదాన్ని రాజు ముట్టుకోను కూడా లేదన్న పాఠం నేను ఛాయిస్‌లో వదిలేశాను.) "గాళ్లకు సుత ఏసీ కరాబైందా సారూ?" అన్నాడు కాక. కాక మా గదికి పెద్ద, కరీంనగర్ మేస్త్రీ. నలభై దాటాక పుట్టిన కూతురికి మూడేళ్లొచ్చినా ఇంకా ముఖం చూడలేదు. ఆగస్టులో లీవు. బిడ్డకని కొన్న ఎర్రగౌను రోజూ విప్పి చూసి, మళ్లీ మడిచి పెట్టుకునేవాడు.

గదికొక కమిటీ వేశాం. పక్కగదికి ఉత్తరాలు రాశాం (గోడ తడితే వినపడేంత దూరానికి!). క్యాంపు టీ మానేశాం. రెండోరోజే తలనొప్పి తట్టుకోలేక గోడచాటున తాగుతూ దొరికినవాడు సభాధ్యక్షుడు, అనగా నేను. చివరికి అర్జీ రాశాను. "నాకెందుకు సారూ, లీవుంది" అని కాక నసిగాడు. "మీరు పెద్దవారు, మీ తర్వాతే మేము" అంటూ మర్యాద కొద్దీ ఆయన వేలిముద్రే మొదట వేయించాను. అసలు ఘనకార్యం ఆ తర్వాత. అర్జీ ఏదైనా పై అధికారి ద్వారానే వెళ్లాలని సర్కారీ గుమాస్తా అయిన మా నాన్న ఉగ్గుపాలతో నేర్పాడు. అందుకని, క్యాంపు బాస్ మీద కఫీల్‌కి, అంటే మాకు వీసాలిచ్చిన యజమానికి, రాసిన అర్జీని తీసుకెళ్లి ఆ క్యాంపు బాస్ చేతికే ఇచ్చాను. పైగా, ముట్టినట్టు సంతకం పెట్టమన్నాను!

అతను మొదటి పేరు దగ్గరే ఆగాడు. "లీవు ఖలాస్" అన్నాడు. అంటే ఇంటికి వెళ్లాలంటే మరో ఏడాది ఆగాలి. రాసింది నేనేనని మొత్తుకున్నా, హాజరు రాసేవాడు కావాలి కనుక నన్నేమీ అనలేదు. అంతకంటే శిక్ష లేదు. ఏసీ కూడా బాగవలేదు.

ఆ సాయంత్రం కాక గౌనుని పెట్టె అడుగున పెడుతుంటే, "నన్ను తిట్టండి కాకా" అని ఏడ్చాను.

"తిడితే ఏమొస్తది బిడ్డా" అన్నాడు. "పిల్ల పెరుగుతది. గౌను పెరగదు గదా."

ఇప్పుడు ఏ కాగితానికైనా మొదటి సంతకం నాదే. పెద్దలుండగా ఇదేం మర్యాద అంటారు. ఆ హిస్టరీ బీఏని తలుచుకుంటే నవ్వొస్తుంది. గౌను గుర్తొచ్చేదాకా నవ్వుతాను.