మూత మీది ఊరి పేరు

మా పార్శిల్ కౌంటర్ సికందరాబాద్ సైనిక్‌పురిలో, మా ఇంటి వరండాలోనే. ఒక ఎండాకాలం అక్కడికి నల్లటి ఇనుప ట్రంకుపెట్టె ఒకటి వచ్చి పడింది. మూత మీద తెల్లరంగుతో సిపాయి నంబరు, పేరు, కింద హిందీలో సికందరాబాద్, అచ్చం మా స్టేషన్ బోర్డు మీద ఉన్నట్టే. జిల్లా లేదు, పిన్‌కోడ్ లేదు.

"మిలిటరీ పెట్టె, పైన మన ఊరి పేరు. ఇంకేడికి పోతది? ఎవరో ఒకరు వస్తరు తియ్యి" అన్నారు మా ఆయన. తనూ ఫౌజులో పనిచేసి వచ్చిన మనిషే. దాన్ని బుక్ చేసినవాళ్లూ అలాగే అనుకున్నట్టున్నారు.

రెండు నెలలు ఎవరూ రాలేదు. దారికి అడ్డమని దాన్ని రోజూ తిట్టేదాన్ని. తిడుతూనే దాని మీద కూర్చుని చాయ్ తాగేదాన్ని. వేడి గ్లాసు కూడా దాని మీదే పెట్టేదాన్ని.

చివరికి మా ఆయన తన పాత దోస్తులకు ఆ నంబరు చెప్పి ఆరా తీశారు. సిపాయి జబ్బుచేసి పోయాడు. తల్లి ఉండేది ఉత్తరప్రదేశ్‌లోని సికందరాబాద్‌లో. కొడుకు పెట్టె కోసం ఆమె రోజూ గుమ్మంలోనే కూర్చుంటోందట.

పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, ఇంకో సికందరాబాద్ ఉందని నాకు తెలియదు. మా ఊరికి ఒక నిజాం పేరు, వాళ్ల ఊరికి ఒక ఢిల్లీ సుల్తాను పేరు అంటారు. ఆ ఇద్దరికీ పేరు వచ్చింది మాత్రం రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు రాజు నుంచి. పారశీకుల నోట అతను సికందర్ అయ్యాడు. ఢిల్లీ దాకా కూడా రాని మనిషి! బొల్లారం రైలెక్కడానికి పోయినప్పుడల్లా స్టేషన్లో చదివే ఆ అక్షరాలు అంత దూరం నుంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాలేదు. గుమ్మంలో కూర్చున్న ఆ తల్లి గుర్తొచ్చి, ఆ తర్వాత ఆ పెట్టె మీద కూర్చోలేకపోయాను.

సిపాయి చేత్తో రాసుకున్నది చెరపకూడదని, మా ఆయన జిల్లా పేరు, మా ఫోన్ నంబరు వేరే అట్ట మీద రాసి పిడికి కట్టారు. పెట్టె వెళ్లిపోయింది.

వారం తర్వాత ఆ తల్లి ఫోన్ చేసి హిందీలో దీవించింది. "మూత మీద చాయ్ గ్లాసు మరక గుండ్రంగా ఉంది బేటీ. మావాడంతే, ఎక్కడపడితే అక్కడ గ్లాసు పెట్టేవాడు. పొద్దున్నే దాని మీద చెయ్యి వేసి కూర్చుంటున్నా. తుడవబుద్ధి కావడం లేదు."



"తుడవకండమ్మా" అన్నాను.