వెంటిలేటర్‌కి పెట్టాల్సిన బొట్టు

కొన్నేళ్లుగా నుదుటి మీద ఒక బరువు మోస్తున్నాను. తూస్తే చిటికెడు కుంకుమ. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు నాకు తెలియరు కాబట్టి మీకు చెప్పడం తేలిక.

శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి ఐసీయూలో డాక్టర్ని. వెంటిలేటర్ ఇచ్చే ఊపిరి సాయాన్ని రోగిని చూసుకుంటూ మెల్లమెల్లగా తగ్గించి, చివరికి గొంతులో గొట్టం తీయడం నా పని. అందులో నాకు మంచి పేరుంది. ఆ పేరును ఎక్కువగా ప్రచారం చేసింది నేనే.

కొన్నేళ్ల కిందట మా ఐసీయూకి కొత్త వెంటిలేటర్ వచ్చింది. రోగి శ్వాసను తనే గమనిస్తుంది, సాయం తనే పెంచుతుంది, తనే తగ్గిస్తుంది. మధ్యలో టీకి వెళ్లదు. నాకది మొదటిరోజే నచ్చలేదు.

దాన్ని మొదట అప్పలనాయుడికి పెట్టాం. రాజాంలో ధాన్యం వ్యాపారి, న్యుమోనియాతో వచ్చాడు. యంత్రం చక్కగా సాయం తగ్గించుకుంటూ పోతోంది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ఇక నేనెందుకు? 'జాగ్రత్త కోసం' అని నర్సుతో చెప్పి, దాన్ని పాత పద్ధతిలోకి మార్చి, నా చేత్తో తగ్గించడం మొదలుపెట్టాను. అది జాగ్రత్తేనా? కాదు, అసూయ. అదీ ఊపిరి లేని వస్తువు మీద. యంత్రం కంటే ముందు గొట్టం తీసి చూపించాలన్న తొందరలో తగ్గించాల్సినదానికంటే ఎక్కువే తగ్గించాను. కాసేపటికి ఆయన ఎగశ్వాసలో పడ్డాడు. ఒళ్లంతా చెమట. గొంతులో గొట్టం, మాట్లాడలేడు; కళ్లు మాత్రం నన్నే చూశాయి. నాకు అన్నిటికీ నవ్వొస్తుంది, ఆ చూపుకి మాత్రం ఇప్పటికీ రాదు. వెంటనే సాయం పెంచాను. కుదుటపడ్డాక, ఎవరూ చూడకుండా మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టాను. మర్నాడు రావలసిన గొట్టం నా పుణ్యమా అని ఆలస్యంగా బయటికొచ్చింది.

ఆయన ఇంటికి వెళ్లేరోజు ఆయుధపూజ. ఆటోకీ, ట్రాక్టరుకీ, ధాన్యం కాటాకీ బొట్టు పెట్టే రోజు. ఆయన భార్య గౌరమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది.

"బావూ, మా మావని బతికించిన మిసనేది? బొట్టెడతాను."

"మిషన్‌దేముందమ్మా, గాలి కొడుతుంది. ఎంత కొట్టాలో చూసేది డాక్టరు చెయ్యి కదా!"

"మరైతే దానికెందుకెట్టడం? ఒంగు బావూ."

ఒంగాను.

చక్రాల కుర్చీలోంచి అప్పలనాయుడు బొంగురు గొంతుతో అన్నాడు: "ఒసే, దానికీ కూసింత ఎట్టే. బావు సెయ్యేసిన నాడే నాకు ఊపిరాడనేదు."

"ఊరుకో మావా! పేనం పోసినోడితో పరాసికాలా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆయన పరాచికమే ఆడాడా? చెకప్‌కి వచ్చినప్పుడల్లా అడగాలనుకుంటాను. అడగను. బియ్యం రేట్లు మాట్లాడుకుంటాం.

ప్రతి ఆయుధపూజకీ ఆ యంత్రానికి మొదటి బొట్టు నేనే పెడతాను, కాస్త పెద్దదే. నర్సులు నాకు భక్తి ముదిరిందనుకుంటారు. యంత్రం ఏమీ అనదు. శ్వాస చూసుకోవడం నేర్పారు గానీ, క్షమించడం దానికెవరూ నేర్పలేదు.

సరే, చెప్పేశాను. ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. మీరు మాత్రం చెయ్యి వేయకండి.