మీరేం వేసినా నా ఎత్తులు ఇవే

ఆ రోజుల్లో చదరంగంలో ఓడిపోవాలన్నా ఓపిక కావాలి. ఝరాసంగం బడిలో కొత్తగా పంతులుగా చేరిన నాకు ఆడేందుకు తోడెవరూ లేరు. (హెడ్మాస్టరుగారికి నేర్పబోతే, గుర్రం అలా వంకరగా దూకడం అన్యాయమని లేచిపోయారు.) అందుకే జహీరాబాద్ క్లబ్బు బీదర్, సంగారెడ్డి, నారాయణఖేడ్ క్లబ్బులతో పోస్టుకార్డుల మీద పోటీ పెడుతోందని తెలియగానే పేరిచ్చాను. క్లబ్బుకు ఇద్దరు, మొత్తం ఎనిమిది మందిమి. కార్డుకు ఒక ఎత్తు. జవాబు వచ్చేసరికి వారం. పద్ధతి నాకౌట్, అంటే ఒక్కసారి ఓడితే ఇంటికే. అలా నిర్ణయించింది మా క్లబ్బు పెద్దమనిషి, మేము చాటుగా రూల్ సాబ్ అని పిలుచుకునే ఆయన. మా క్లబ్బు తరఫున రెండో ఆటగాడూ ఆయనే.

బీదర్ ఆయనతో ఆట నాదేననిపించింది. వారం వారం ఎదురుచూపు భరించలేక, ఒకే కార్డు మీద "మీరేం వేసినా నా తరువాతి మూడు ఎత్తులు ఇవే" అని రాసి డబ్బాలో పడేశాను. రాసిన ఎత్తు వెనక్కి తీసుకోకూడదు. ఆయన తీరిగ్గా నా మంత్రిని తీసుకుని, మూడో ఎత్తుకు చెక్‌మేట్ చెప్పి, కింద నమస్కారం కూడా పెట్టాడు. పోటీ ఏడాదికి ఒక్కసారే. మళ్లీ ఏడాది దాకా ఆట లేదనుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది. ఆదివారం క్లబ్బుకు వెళ్లి రూల్ సాబ్ ముందు నిలబడ్డాను.

"ఏం పంతులూ, ఓడినవ్, ఔటైనవ్. గంతే," అన్నారు.

"ఓడిన సాబ్, కాదంటలేను. గెలిచినోడు ఎట్లైనా ఆడుతడు. ఆట రానిది నాకు. ఆడకుంట ఎట్ల నేర్సుకోవాలె? అందరితోని అందరం ఆడేటట్టు లీగు పెట్టున్రి."

"లీగు పెడితే నీ బడి పిలగాండ్లు పెద్దగైనంక అయిపోతది. రూల్ రూలే. జర సబర్ పట్టు."

సబర్ నాకు పుట్టుకతోనే తక్కువ (ఆ మూడు ఎత్తులే సాక్ష్యం). గోడ మీది పట్టికలోంచి అడ్రసులు ఎక్కించుకుని, రూల్ సాబ్‌నూ బీదర్ ఆయననూ వదిలి, మిగతా ఐదుగురికీ ఒకే మాట రాశాను: "పోటీలోంచి నన్ను తీసేశారు, ఆటలోంచి నేను పోలేదు. నాతో ఆడతారా?" ఐదుగురూ సరేనన్నారు. బయటి ఆటలతో క్లబ్బుకు సంబంధం లేదని రూల్ సాబ్ నోటీసు అంటించారు. దాని కిందే "చదివాను, ఆడుతున్నాను" అని రాసి సంతకం పెట్టి వచ్చాను.

వానలు మొదలయ్యేసరికి రూల్ సాబ్ కూడా రెండో రౌండులో అదే బీదర్ ఆయన చేతిలో ఓడిపోయారు. ఆ వారమే నాకు జహీరాబాద్ నుంచి ఒక కార్డు వచ్చింది. క్షేమసమాచారాలేమీ లేవు. "రాజు ముందటి బంటు రెండు గళ్లు. క్లబ్బుల ఎవ్వనికి చెప్పకు."

చెప్పలేదు, ఇదిగో, ఇప్పుడే చెబుతున్నాను. అలా నాకు నేనే పెట్టుకున్న లీగు తెమిలేసరికి ఏడాదిన్నర పట్టింది. నాకౌట్‌లో ఒక్కరి చేతిలో ఓడి ఊరుకునేవాణ్ణి, కొట్లాడి తెచ్చుకున్న లీగుతో రూల్ సాబ్‌తో సహా మిగతా ఆరుగురి చేతిలోనూ ఓడాను. సిగ్గేమీ లేదు. మళ్లీ ఔటన్నా మళ్లీ కొట్లాడతాను.

మొన్న మనవరాలు ఫోను తెచ్చింది. వాళ్ల చెస్ క్లబ్బు వేరే ఊళ్ల వాళ్లతో ఆన్‌లైన్‌లో ఆడుతుందట. "తాతా, నాకౌటా లీగా అని అడుగుతున్నరు..." అంటుండగానే లీగు మీద నొక్కేసి, నా పేరూ ఎక్కించమన్నాను. మొదటి ఆటలో ఎవరో పన్నెండేళ్ల పిల్ల నన్ను నాలుగు నిమిషాల్లో ఓడించింది. అయినా నాకేం ఫికర్ లేదు, ఇంకా ఆరుగురున్నారు.