అరవైలో ముప్పై అంటే సగమే కదా

ఒక్క పెన్నుతో, పట్టపగలు, గంట తిరక్కుండా నలభై నాలుగు పుస్తకాలను పాడుచేసిన ఘనత నాది. పదహారు మాత్రం నా చేతినుంచి తప్పించుకున్నాయి. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

తొంభైల చివర్లో మదనపల్లె టమోటా మండీలో తూకాలు రాసేవాణ్ణి. బడి చదువు ఏడుతో ఆగింది. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకుని, అంకె కనబడితే చాలు, పచ్చగడ్డి చూసిన మేకలా మీద పడేవాణ్ణి. మా వీధిలో మునెప్ప అనే డ్రాయింగ్ మాస్టారు రిటైరై ఇంట్లోనే చేతి ప్రెస్సు పెట్టుకున్నాడు. పుంగనూరు ఆవుల బొమ్మలు చెక్కమీద చెక్కి, చేత్తో చేసిన కాగితంపై అచ్చొత్తి, తనే కుట్టి, ఏడాది కష్టంతో సరిగ్గా అరవై పుస్తకాలు తయారుచేశాడు. మరునాడే పుంగనూరులో ప్రదర్శన. అవి అమ్ముడుపోకపోతే ప్రెస్సు మూసేస్తానని భార్యకు మాటిచ్చేశాడు.

"అప్పా, నీ చేతిరాత బాగుంటాది. ఒక్కోదాని వెనక నంబరెయ్యి. ఒకటి బై అరవై, రెండు బై అరవై, అట్లా. అరవైలో ఇది ఎన్నోదో కొనేవాళ్ళకు తెలియాల," అని చెప్పి భోజనానికి వెళ్ళాడు.

1/60 రాశాను. 2/60 దగ్గర చెయ్యి ఆగింది. పైనా కిందా రెండుతో పోతుంటే చూస్తూ ఊరుకునే మనిషినా నేను? 1/30 అని రాశాను. మూడోది 1/20. ముప్పయ్యోది 1/2. చివరిదానికి అడ్డగీత కూడా అక్కర్లేదు, నిండుగా 1.

మునెప్ప వచ్చి చూశాడు.

"ఏందప్పా ఇది? ముప్పై బై అరవై యాడ పోయింది?"

"కొట్టేసినా సార్. సగమే కదా."

"నా ఏడాది కష్టాన్ని కొట్టేసినావు గదప్పా! ఈ కాగితం సిరాను తాగేస్తాది. తుడిస్తే చినిగిపోతాది!"

"ఏ నంబరూ రెండోసారి రాలేదు సార్, సూడండి."

అది నిజమే. అయినా ఆయన చూసిన చూపుకి మండీలో టమోటాలన్నీ ఉడికిపోయేవి.

పుంగనూరులో "నువ్వే జవాబు సెప్పుకో" అని నన్నే బల్ల దగ్గర నిలబెట్టాడు. కుప్పంనుంచి వచ్చిన టీచరమ్మ ఒకామె 1/2 చూసి, "రెండే పుస్తకాలేసినారా?" అంది.

"లేదమ్మా, అరవై. ఇది ముప్పయ్యోది. నేనే కొట్టేసినా."

"యాల?"

"ముప్పైతో పోతా ఉండాది గదమ్మా!"

ఆమె పడీపడీ నవ్వి, పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, తోటి టీచర్లను కేకేసింది. "ఈడ రాండి! పుస్తకం కొంటే లెక్క ఫ్రీ!"

ఇక చూడండి తిరునాళ్ళ!

"నాది త్రీ బై ఫోర్. ఎన్నోదప్పా?"

"నలభై ఐదోదన్నా."

"మా పెండ్లి ఇరవై నాలుగో తేదీ. దానికేమొస్తాది?"

"టూ బై ఫైవ్."

"తీసి పక్కన పెట్టు!"

మధ్యాహ్నానికి బల్ల ఖాళీ. ప్రెస్సు బతికింది. నేను పెళ్ళికొడుకులా ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. మునెప్ప నా భుజం తట్టి, మెల్లగా అన్నాడు: "వచ్చే పుస్తకం యాభై తొమ్మిదే వేస్తా. దేంతో కొట్టేస్తావో సూస్తా."

రెండుతో చూశాను, మూడుతో చూశాను, ఏడుతో చూశాను. పోదు. అక్కడే చెయ్యెత్తి ప్రమాణం చేశాను: ఒకరి పుస్తకం మీద ఇక జన్మలో భిన్నాన్ని కొట్టెయ్యను. 59/59 ఒక్కటి మినహా.