అత్తయ్య పెట్టిన టంకం

మా అత్తయ్య వెండిపని చేస్తుంది. తెగిన పట్టీ ఆవిడ చేతిలో పడి వచ్చాక, ఎక్కడ తెగిందో తెచ్చినవాళ్ళే చెప్పలేరు. అతుకు కనబడిందంటే ఆ పూట ఆవిడకు ముద్ద దిగదు. ఆవిడకు కంటి ఆపరేషన్ అయ్యాక మాత్రం మా ఆయన ఒంటికాలి మీద లేచాడు, నిప్పుతో పని ఇక చాలు, ఆ పనిబల్ల తీయించేద్దామని. నిజం చెప్పొద్దూ, వెలుతురొచ్చే ఆ మూల మీద నాకూ కన్నుంది. నా కుట్టుమిషను చీకటి గదిలో మగ్గుతోంది. పైగా ఆవిడ చూపు మీద నాకూ నమ్మకం తగ్గింది. నా వెండి గొలుసు కొక్కెం విరిగితే పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నానే తప్ప ఆవిడ చేతికివ్వలేదు.

ఇంతలో ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. ఎదురింటి ఏసీ మెకానిక్ వచ్చి దాని వెనకవైపు వంగి చూశాడు. సన్న రాగిగొట్టం ఫిల్టర్‌లోకి దిగేచోట నూనె మరక ఉంది.

"అతుకు దగ్గర గ్యాస్ పోయింది పెద్దమ్మా. కొత్తది కొనుక్కోండి. ఈ ఎండల్లో ఏసీల పనితో నాకు ఊపిరాడట్లేదు."

"అతుకేగా, నేను పెడతా" అంది అత్తయ్య.

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"ఇది చల్లబడితే నా బల్ల జోలికి రాకూడదు. చల్లబడలేదా, నా చేత్తో నేనే తీసేస్తా" అందావిడ.

మెకానిక్‌కు సరదా పుట్టి, ఆదివారం తన పంపూ గ్యాస్ బండా తెచ్చాడు. ఫ్రిజ్‌ను వరండాలోకి ఈడ్చాం. ఆ గ్యాస్ అంటుకునే రకమట. మిగిలింది బయటికి వదిలి, గొట్టాల్లో నైట్రోజన్ పంపేదాకా అతను అగ్గిపుల్ల గీయనివ్వలేదు.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుంది. రాగిని మెరిసేలా గీకి, అతుకు పట్టేలా వెలిగారం పూసి, మంట చూపి వెండి టంకం కరిగించింది. అది నీళ్ళలా పాకింది. మెకానిక్ శభాష్ అన్నాడు. ఆవిడ ఊరుకుంటేగా? ఇంకాస్త టంకం అందించి, సందన్నదే లేకుండా చేసింది.

సబ్బు నురగ పూస్తే ఒక్క బుడగ రాలేదు. పంపుతో లోపలి గాలంతా లాగి, గ్యాస్ తూచి ఎక్కించాడు. మోటారు గుర్రుమంది. సాయంత్రం తలుపు తీసి చెయ్యి పెడితే, బయటి ఎండే లోపలా ఉంది.

మెకానిక్ గొట్టానికి చెవి ఆనించాడు. "లోపల పారే చప్పుడే లేదు. మీ టంకం లోపలిదాకా పాకి గొట్టం నోరు మూసేసింది పెద్దమ్మా. నగకైతే చెల్లుతుంది, దీనికి దారుండాలి."

అత్తయ్య ముఖం చిన్నబోయింది. లేచి వెళ్ళి, బల్ల మీది పట్టకార్లు ఒక్కొక్కటే డబ్బాలో పెట్టసాగింది. నాకు కావలసిన మూల ఖాళీ అవుతోంది. సంతోషించాల్సింది పోయి, వెళ్ళి ఆ డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"అత్తయ్యా, తెగిన పట్టీ ఎప్పుడైనా ఒక్కసారికే అతుక్కుందా?"

"అతుక్కునేది" అంది ముక్కు ఎగబీలుస్తూనే.

"అయితే రెండోసారి ఎలా ఉంటుందో చూద్దురుగాని, రండి."

మా ఆయన నోరు తెరవబోయాడు. నా చూపు చూసి మూసుకున్నాడు.

మరుసటి ఆదివారం మళ్ళీ అంతా మొదటికొచ్చింది. మెకానిక్ గ్యాస్ వదిలి, నైట్రోజన్ పంపి, గొట్టం కొస కోసేసి, కొత్త ఫిల్టర్‌లోకి ఈసారి లోతుగా దించాడు. అత్తయ్య కొంచెమే టంకం పెట్టింది. ఇంకాస్త పెట్టాలని ఆవిడ చెయ్యి ఉవ్విళ్ళూరుతుంటే నేను మణికట్టు పట్టుకున్నాను. నునుపు తేలకముందే ఆపడంతో అతుకు గడ్డకట్టిన బెల్లంలా ఉంది.

"ఛీ, ఎవరైనా చూస్తే నా పరువేం కాను" అని మొహం తిప్పుకుంది.

"ఫ్రిజ్ వీపు ఎవరు చూస్తారండీ?"

నురగ, పంపు, గ్యాస్ అన్నీ అయ్యాయి. సాయంత్రానికి పైన ఫ్రీజర్ అరలో పెట్టిన గ్లాసు నీళ్ళ మీద పల్చగా మంచు కట్టింది. అత్తయ్య దాన్ని వేలితో నొక్కి నొక్కి చూసి నవ్వింది. మా ఆయనే పట్టకార్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను మెడలోని గొలుసు తీసి దాని పక్కన పెట్టాను.

"ఎప్పుడిస్తావా అని చూస్తున్నానమ్మాయ్. ఆ పిన్నీసు గుచ్చుకోవట్లా?"

నాకు కళ్ళు చెమర్చాయి. "అతుకు కనబడినా ఫర్వాలేదత్తయ్యా" అన్నాను.

"కనబడదు" అంది ఆవిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ.