పదో కర్ర

ఆర్నాల్డ్ హాస్లమ్‌కు మనుషుల మీద కన్నా మురుగు మీద నమ్మకం ఎక్కువ. మురుగు అబద్ధమాడదు, దారి లేకపోతే పొంగి చూపిస్తుంది అనేవాడు. నలభై ఏళ్ళు మిల్లులో మగ్గాలు బాగుచేసి, పని మానేశాక తమ వరసలోని ఆరిళ్ళ మురుగు పైపుకు తనంతట తానే కాపలాదారయ్యాడు. ఇంగ్లండు ఉత్తరాన ఆ నేత ఊళ్ళో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకునే ఉంటాయి. ఆరిళ్ళ నీళ్ళూ పెరళ్ళ కింద ఒకే పైపులో కలిసి, చివరనున్న ఆర్నాల్డ్ పెరటి మ్యాన్‌హోల్ దాటి వీధి కాలువలో పడతాయి. పైపు అందరిదీ కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు. అలా అది ఆర్నాల్డ్‌ది అయింది.

పూడిన పైపు పొడవడానికి అతని దగ్గర పది బెత్తం కర్రలుండేవి. ఒకదానికొకటి ఇత్తడి మరతో బిగించి, తిప్పుతూ లోపలికి తోయాలి. ఇంకెవరూ తమదనకుండా ఒక్కో ఇత్తడి మీదా ఆకురాయితో గాటు పెట్టుకున్నాడు. ఇంత జాగ్రత్తపడినా పదో కర్ర పోయింది. పదకొండేళ్ళ కిందటి మాట. ఆ రోజు పైపు పొడిచి, నీళ్ళు పారగానే కర్రలు లాగేసి, పక్కింటి వాల్టర్ గోడకు ఆనించి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే తొమ్మిదే ఉన్నాయి.

ఇంకెవరు తీస్తారు? ఆ పూటంతా వాల్టర్ పక్కనే నిలబడి, "అట్లా కాదయ్యా, కుడికి తిప్పు, కుడికి" అని ఒకటే పోరు. ఎడంచేతి వాటమని చిన్నప్పుడు బళ్ళో బెత్తం దెబ్బలు తిన్న ఆర్నాల్డ్‌కు ఆ మాటతో ఒళ్ళు మండింది. తనకు పని రాదని చెప్పడానికే కర్ర కొట్టేశాడని తేల్చుకున్నాడు. వరసంతా చాటాడు కూడా. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. వాల్టర్ భార్య హిల్డా పోయినప్పుడు, శవపేటిక పెరటి దారిన కదిలే వేళకు అందరిళ్ళలాగే ఆర్నాల్డ్ ఇంట్లోనూ గౌరవసూచకంగా పరదాలు మూశారు. ఆ పరదా సందులోంచి అతను చూసింది మాత్రం, తలుపు తెరిచి ఉన్న వాల్టర్ కొట్టుగదిలోకి. కర్ర కనిపిస్తుందేమోనని.

ఈ వసంతంలో పైపు మళ్ళీ పూడింది. ఐదు పెరళ్ళు పొంగాయి. ఆర్నాల్డ్ మ్యాన్‌హోల్ మూత ఎత్తితే లోపల పొడిగా ఉంది. అంటే అడ్డం పైనెక్కడో, వాల్టర్ పెరటి కిందే ఉంది.

"చూశావా నెల్లీ? ఒంటిగాడు, రోజూ పశువు కొవ్వులో బంగాళాదుంపలు వేయించుకుంటాడు. ఆ కొవ్వంతా ఎక్కడికి పోతోందనుకున్నావు?" అన్నాడు భార్యతో.

"మురుగు పొంగితే నీకు పండగొచ్చినట్టుందే. నువ్వు పొడవలేవూ?"

"పొడిచా. గట్టిగా తగిలి ఆగిపోయింది. కొవ్వు రాయైపోయుంటుంది."

పైపు తీయించడానికి ఊరి కౌన్సిల్ మనిషిని అతనే పిలిపించాడు. ఆరిళ్ళ వాళ్ళూ పెరటి సందులోకి వచ్చి నిలబడ్డారు. వాల్టర్ తన గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

"ఎవరి పెరటి కింద ఆగినా బాగుచేసే ఖర్చు ఆరిళ్ళదీనండీ" అన్నాడు కౌన్సిల్ మనిషి.

"ఒకడు చేసిన దానికి అందరమా?" అడ్డొచ్చాడు ఆర్నాల్డ్.

"పడెయ్యకూడనిది ఎవరైనా పడేశారని తేలితే, అప్పుడా ఇంటిదే."

"అయితే కాగితం తియ్యండి. తేలగానే ఇంటి నంబరు రాసేసుకోండి. మాట మార్చే మనుషులున్నారిక్కడ" అన్నాడు ఆర్నాల్డ్, గోడ వంక చూడకుండా.

కొక్కెం వేసి లాగితే గుడ్డపీలికలు, వెంట్రుకలు, కొవ్వు వచ్చాయి. వాటి వెనక పొడుగ్గా నల్లటిదేదో వచ్చింది. అది రాగానే ఆరిళ్ళ నీళ్ళూ హోరుమని దిగిపోయాయి. కౌన్సిల్ మనిషి దాని చివర తుడిస్తే ఇత్తడి మెరిసింది.

"కర్ర! ఎవరో ఎడమకి తిప్పారు. కుడికి తిప్పితే మర బిగుస్తుంది, ఎడమకైతే ఊడి లోపలే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి చెత్తంతా దీనికే చుట్టుకుంది. ఎవరిదండీ ఇది?"

ఆర్నాల్డ్ అందుకున్నాడు. బొటనవేలికి గాటు తగిలింది. తనను ఇరికించడానికి వాల్టరే దీన్ని పైపులో దూర్చాడని మొదట అనిపించింది. కర్ర పట్టుకున్న చేతివైపు చూసుకున్నాడు. ఎడం చెయ్యి. వాల్టర్ గోడ దగ్గరే ఉన్నాడు. ఒక్క మాటంటే చాలు, వరసంతా నవ్వేది. అయినా అనలేదు.

"నాదే. మా ఇంటి నంబరే రాసుకోండి" అన్నాడు ఆర్నాల్డ్. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

మధ్యాహ్నం కర్రలన్నీ కడిగి, కట్ట కట్టుకుని వాల్టర్ పెరటి తలుపు తట్టాడు.

"ఇవి నీ దగ్గరుంచు వాల్టర్. ఇక నువ్వే పొడువు. నా చెయ్యి ఎడమకే పోతుంది."

వాల్టర్ కట్ట ముట్టుకోలేదు. "హిల్డాని తీసుకెళ్ళేప్పుడు నువ్వు పరదా సందులోంచి చూడ్డం నేను చూశా. మనసాగక చూస్తున్నాడనుకున్నా. పోన్లే, ఆ మాత్రం ఉందనుకున్నా."

ఔనంటే సరిపోయేది. ఆర్నాల్డ్ తల దించుకున్నాడు. "కాదు. నీ కొట్టులో కర్ర ఉందేమోనని చూశా."

వాల్టర్ తలుపు పూర్తిగా తెరిచి, గచ్చు చూపించాడు.

"ఎంచివ్వు."

"ఏంటి?"

"కర్రలు. నా కళ్ళముందే ఎంచి మరీ ఇవ్వు. రేపొకటి తగ్గిందంటే మళ్ళీ నన్నే అంటావు."

ఆర్నాల్డ్ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కటే గచ్చు మీద పెడుతూ పైకే లెక్కపెట్టాడు. తొమ్మిది దాకా వచ్చాడు. నల్లబడిన ఆఖరిది చేతిలోకి తీసుకుని, దాని గాటు మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయాడు.

"పది" అన్నాడు వాల్టర్.