పెర్నా మైనం పిసకడం మరిచిపోయిన శుక్రవారం

పెర్నా కుట్టిన చోటు ఎవరికీ కనిపించేది కాదు. రోములోని యూదుల వాడలో బట్టలకు అతుకులేసే ఆడవాళ్ళకు కొదవ లేదు గానీ, చిరిగిన పట్టును ఎన్నడూ చిరగనట్టు చేయడం ఆవిడకే చెల్లింది. చిరుగు ఊరికి చూపించకూడదన్నది ఆవిడ పట్టుదల. బట్టల విషయంలోనే కాదు, బతుకులోనూ అంతే. కొడుకు విటాలే పోయిన రోజున కూడా నలుగురి ముందు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు.

ఆవిడ చేతికి ఇంకో పనితనం ఉండేది, మైనం పని. సబ్బాతు నాడు, అంటే శనివారం మధ్యాహ్నం, వాడలోని వాళ్ళంతా, పన్నెండేళ్ళు దాటిన పిల్లలతో సహా, చేపల బజారు పక్క చర్చిలో కూర్చుని క్రైస్తవ ప్రసంగం వినాలని పోపుగారి శాసనం. కూర్చోమన్నారు కదా అని కూర్చునేవారు, చెవుల్లో మైనం పెట్టుకుని. కర్ర పట్టుకున్న భటుడు వరుసల మధ్య తిరుగుతూ చెవులు తడుముతాడు కాబట్టి మైనం ఎంత లోతుకు పోవాలో తెలిసి చెయ్యాలి. శుక్రవారం పొద్దు వాలేలోగా ఎవరి చెవికి తగ్గట్టు వాళ్ళకు పిసికి పెట్టుకోవాలి. పొద్దు వాలేవేళ దీపాలు వెలిగిస్తే సబ్బాతు మొదలైనట్టే, ఇక శనివారం పొద్దు వాలేదాకా మైనం పిసకడం నిషిద్ధం.

ఆ శుక్రవారం పెర్నా ఒక పెద్ద తెర చిరుగు పట్టుకుని కూర్చుని పొద్దు చూసుకోలేదు. గబగబా సబ్బాతు దీపాలు వెలిగించి, చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని ప్రార్థన చెప్పుకున్నాక గానీ మైనం గుర్తు రాలేదు. పెట్టెలో తన పాత జత ఉంది. మనవరాలు రిక్కా జత పోయిన వారమే చర్చి మెట్ల మీద పడి నలిగిపోయింది.

"నీది నాకివ్వు మామ్మా," అంది పదమూడేళ్ళ రిక్కా మర్నాడు.

"నీ చెవికి పట్టదే. సన్నం చెయ్యాలంటే పిసకాలి. ఇవాళ ఎలా పిసుకుతాను?"

"అయితే ఒట్టి చెవులతోనే వస్తా. వింటే అరిగిపోతానా?"

"నోర్ముయ్యి. తల ఊపకు, నిట్టూర్చకు. గోడ చూస్తూ కూర్చో."

తల ఊపితే చాలు, పిల్ల మనసు మెత్తబడిందని క్రైస్తవ మతం పుచ్చుకునేవాళ్ళ మఠానికి పట్టుకుపోతారు. నలభై రోజులు ఉంచుకుని పంపేస్తామంటారు. ఆ తలుపు దాటిన పిల్లలు తిరిగి వాడకు వచ్చినట్టు పెర్నా ఎరగదు. తల్లిలేని ఆ పిల్ల తప్ప ఆవిడకు ఎవరూ మిగల్లేదు.

చర్చిలో ప్రసంగం చేసే సన్యాసి ఫ్రా ఎలీజియో ఒకప్పుడు వాడ మనిషే. మతం మారక ముందు అక్కడి పిల్లలకు ప్రవక్తల గ్రంథాలు చదివించిన మనిషి. ఆయన పెదవులు కదులుతున్నాయి, చెయ్యి లేస్తోంది. పెర్నా చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. యథాలాపంగా పక్కకు చూసింది. రిక్కా చెంపల మీద ధారగా నీళ్ళు కారుతున్నాయి.

పెర్నాకు పైప్రాణాలు పైనే పోయాయి. మోచేత్తో పొడిచింది. పిల్ల కదల్లేదు. ఫ్రా మాట ఆపి వేలు ఇటే చాపాడు. భటుడు బయలుదేరాడు. అక్కడ ఏమంటున్నారో తెలియకుండా పిల్లను ఎలా కాచుకోవాలి? తలగుడ్డ సర్దుకుంటున్నట్టు చెయ్యి పెట్టి రెండు చెవుల్లోని మైనమూ పీకి పిడికిట్లో దాచుకుంది.

"లే అమ్మాయీ, భయం లేదు. యెషయా ప్రవక్త మాట నీకు తగిలింది కదూ?" అంటున్నాడు ఫ్రా.

భటుడు రిక్కా చెవులు తడిమాడు. "మైనం లేదు అయ్యగారూ. మొత్తం వింది."

వేడుక చూడ్డానికి వచ్చిన క్రైస్తవులు గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నారు. ఫ్రా గొంతు పెంచాడు.

"మీ గుడిలో ఈ అధ్యాయానికి ముందుదీ చదువుతారు, తరవాతదీ చదువుతారు. దీన్ని దాటేస్తారు. నాకు తెలీదా? ఇందులో క్రీస్తు కనిపిస్తాడని మీ భయం! ఈ పిల్లకు కనిపించాడు. చెప్పమ్మా, ఎవరి కోసం ఏడ్చావు?"

పొద్దున్న ఒక్కసారి మైనం పిసికి ఉంటే ఏం పోయేది అనుకుంది పెర్నా. దేవుడు క్షమించేవాడు, వీళ్ళు క్షమించరు.

"మా నాన్న కోసమండీ," అంది రిక్కా.

"ఏమిటీ?"

"ఆయన్ని అందరూ చీదరించుకున్నారన్నారు. కొట్టినా నోరెత్తలేదన్నారు. అది మా నాన్నేగా! కార్నివాల్ పండగకు యూదుల్ని పరిగెత్తిస్తారుగా, ఆ పరుగులో బురద కొట్టారు, రాళ్ళు కొట్టారు, నవ్వారు. వాడ తరఫున ఎవరో ఒకరు పరిగెత్తాలి కదా అని వెళ్ళాడు. ఒక్క మాట కూడా అనలేదు. వారంలో పోయాడు."

ఫ్రా మొహం ఎర్రబడింది. "ఇది రబ్బీల వాదన! ఈ అధ్యాయంలో బాధలు పడే సేవకుడు క్రీస్తు కాదు, ఇశ్రాయేలు జనమే అంటారు వాళ్ళు. ఎవరు నేర్పారు నీకిది? మీ మామ్మా?"

భటుడి కర్ర పెర్నా వైపు తిరిగింది.

"ఎవరూ నేర్పలేదండీ. మేం ఆ అధ్యాయం చదవనే చదవమని మీరే అన్నారుగా," అంది రిక్కా.

వెనక ఎవరో క్రైస్తవుడు ఫక్కున నవ్వాడు. ఫ్రా నవ్వలేదు, కోప్పడలేదు. పిల్ల మొహంలోకి పరీక్షగా చూశాడు.

"విటాలే కూతురివా?" అన్నాడు మెల్లగా.

"అవునండీ."

విటాలేకు చదువు చెప్పిందీ ఆయనే. భటుణ్ణి చేత్తో ఆపి, "కూర్చో," అన్నాడు. పెర్నా పిడికిలి సడలి మైనం నేల మీద పడింది. భటుడు ఆవిడ వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు. ఆ దెబ్బ ఆవిడకు తెలియనే లేదు.

తరవాతి శుక్రవారం మధ్యాహ్నానికే పెర్నా రెండు జతలు పిసికి పెట్టింది. రిక్కా తనది ముట్టుకోలేదు.

"నాకొద్దు మామ్మా. మన ప్రవక్తల మాటల్లో ఇంకా ఎవరెవరు ఉన్నారో విననీ."

తిట్టింది, బతిమాలింది, పిల్ల వినలేదు. పెర్నా రెండు జతలూ పొయ్యిలో పడేసింది. ఆ రోజు నుంచి ప్రతి సబ్బాతూ మనవరాలి మణికట్టు పట్టుకుని ఒట్టి చెవులతో కూర్చుంది. ప్రతి మాటా వింది, ప్రతి మాటకూ ఒళ్ళు మండింది.

మరుసటి ఏడు ఫ్రా మళ్ళీ ఆ యెషయా అధ్యాయం ఎత్తుకున్నాడు. గోడ చూస్తూ కూర్చున్న పెర్నా కొడుకు కోసం మొదటిసారి అందరి ముందూ భోరుమంది. భటుడు వచ్చి ఆవిడ చెవులు తడిమాడు. మైనం లేదు.